కాలేది ఆర్ వైండింగ్, తప్పు బి తీగది: మా బోరు దగ్గర వోల్టేజి డైరీ

ఫిబ్రవరి 18

మోటారు మళ్లీ కాలింది. పొద్దున ఆరున్నరకి బాపు ఫోను. "తిన్నవా బిడ్డా" అనకుండా నేరుగా సంగతిలోకి వచ్చాడంటే ఏదో అయిందని లెక్క. "స్టార్టర్ ఒత్తితే గుయ్యిమంటున్నది, నీళ్లు ఎక్కుతలేవు" అన్నాడు. నవంబరులో ఒకసారి, ఇప్పుడు ఒకసారి. నాట్లు వేసి నెల కూడా కాలేదు.

బోరు 240 అడుగులు. 5 హెచ్‌పీ సబ్‌మర్సిబుల్, ప్లేటు మీద 415 వోల్ట్, 9.5 ఆంప్స్, స్టార్ కనెక్షన్ (మూడు వైండింగుల చివరలు ఒకచోట ముడేసింది; ఒకదాని కొసకి ఇంకోటి గొలుసులా కలిపితే డెల్టా). పైపులు లాగి మోటారు బయటికి తీయడానికి మనుషులు, బండి కిరాయి, వైండింగ్ ఖర్చు, మళ్లీ దించడం. అన్నీ కలిపితే ఒక పంటలో మిగిలేది ఇక్కడే పోతుంది.

నేను హైదరాబాద్‌లో లిఫ్టులు రిపేరు చేస్తాను. పొద్దున లేస్తే మూడు ఫేజులతోనే (కరెంటు తెచ్చే మూడు తీగలు: ఆర్, వై, బి) పని. ఇంట్లో మోటారు రెండోసారి కాలిందంటే నాకే చిన్నతనంగా ఉంది. ఈసారి వైండింగ్ చేయించి దించేయడం కాదు, ఎందుకు కాలుతోందో తేల్చాలి. అందుకే ఈ డైరీ.

ఫిబ్రవరి 20

వైండింగ్ షాపుకి నేనే వెళ్లాను. మేస్త్రీ మోటారులో తిరగని భాగం, అంటే కాయిళ్లు ఉండే స్టేటర్‌ని దీపం కింద పెట్టి చూపించాడు. మూడు గ్రూపుల కాయిళ్లలో ఒక గ్రూపు బొగ్గయింది, మిగతా రెండు కొత్తవాటిలా మెరుస్తున్నాయి.

"సింగిల్ ఫేజింగ్ కదా అన్నా?" అన్నాను. అంటే మూడు ఫేజుల్లో ఒకటి పోవడం.

"కాదు తమ్మీ. స్టార్‌ల ఒక ఫేజు పోతే కరెంటు మిగిలిన రెండిట్ల నుంచే తిరుగుతది. రెండు గ్రూపులు నల్లగయితయి, ఒకటి మంచిగుంటది. డెల్టా అయితే ఒక్కటి కాలుతది. మీది స్టార్. ఒక్కటే కాలింది. ఇది వోల్టేజి తేడా."

ముప్పై ఏళ్లుగా స్టేటర్లు చూస్తున్న కన్ను అది. నేను ఇంటర్నెట్‌లో వెతికితే గంట పట్టేది. ఇంకో మాట కూడా చెప్పాడు: నవంబరులో కాలింది కూడా ఇదే గ్రూపు. లీడు (మోటారులోంచి బయటికి వచ్చే తీగ) రంగు చూసి గుర్తుపెట్టుకున్నాడట. స్టార్టర్‌లో ఆర్ ఫేజుకి కలిపిన లీడు.

ఊరికి వచ్చి చెబితే బాపు, పక్క పొలం కాక ఇద్దరిదీ ఒకే తీర్పు: "ఆర్ ఫేజు కాలుతున్నదంటే ఆర్ ఫ్యూజుల్నే ఏదో ఉన్నది." లైన్‌మన్ అన్న నవంబరులోనూ ఆర్ ఫ్యూజు మార్చి, ఆర్ జంపర్ (లైను తీగల్ని కలిపే చిన్న తీగ ముక్క) బిగించి వెళ్లాడట. నాకూ అప్పుడు అది సబబుగానే అనిపించింది. ముందే చెప్పేస్తున్నాను, ఆర్ ఫేజులో ఏ తప్పూ లేదు. అది తేలడానికి నెలన్నర పట్టింది.

ఫిబ్రవరి 25

మోటారు దించారు. నీళ్లు పడుతున్నాయి. తీగ చుట్టూ పట్టి ఆంప్స్ చూపే క్లాంప్ మీటరు పెట్టాను, మధ్యాహ్నం ఒంటిగంటకి:

ఆర్ 10.8, వై 7.9, బి 8.2.

ప్లేటు మీద 9.5. ఒక ఫేజు దాన్ని దాటేసింది, రెండు ఫేజులు దానికి తక్కువ. సగటు చూస్తే 9కి లోపే. అంటే మోటారు మీద బరువు ఎక్కువేం లేదు, పంచుకోవడంలోనే తేడా. మరి ఓవర్‌లోడ్ రిలే (ఆంప్స్ ఎక్కువైతే మోటారుని ఆపేది) ఎందుకు పడలేదంటే, ఎవరో దాన్ని 14 మీద తిప్పి పెట్టారు. "ఊకె ట్రిప్పయితున్నదని మెకానిక్ తిప్పిండు" అని బాపు నవ్వాడు. ట్రిప్పయ్యేదే అందుకు బాపూ.

తర్వాత పాత పరీక్ష ఒకటి చేశాను. స్టార్టర్ నుంచి మోటారుకి వెళ్లే మూడు తీగల్నీ ఒక మెట్టు జరపడం: ఆర్ దగ్గరిది వై మీదికి, వై దగ్గరిది బి మీదికి, బి దగ్గరిది ఆర్ మీదికి. మూడూ ఒకే వైపు జరిగితే మోటారు తిరిగే దిశ మారదు. ఇప్పుడు ఎక్కువ ఆంప్స్ మోటారు లీడుతో పాటు జరిగితే తప్పు మోటారులో ఉన్నట్టు. లైను దగ్గరే ఉండిపోతే తప్పు కరెంటులో ఉన్నట్టు.

జరిపాను. ఆర్ లైను మీద 10.7. కదల్లేదు.

కాబట్టి కరెంటే. కానీ నవంబరులో లైన్‌మన్ అన్న వచ్చి మీటరు పెట్టినప్పుడు 428, 421, 424 అని కాక తన నోట్‌బుక్‌లో రాసి ఉంచాడు (కాక అన్నీ రాస్తాడు, ఎరువు బస్తాల దగ్గర్నుంచి). సగటు 424.3, సగటు నుంచి అన్నిటికంటే ఎక్కువ తేడా 3.7 వోల్టులు, అంటే 0.9 శాతం. బాగానే ఉన్నట్టే. ఒక నిమిషం పెట్టి తీసిన మీటరు మాట ఇది. రోజంతా ఏం జరుగుతోందో దానికి తెలీదు. రోజంతా కూర్చుని రాసేది ఒకటి కావాలి.

మార్చి 3

సామాను: వోల్టేజి కొలవడానికి మూడు పీజెమ్-004టీ మాడ్యూళ్లు, ఒక ఈఎస్‌పీ32 బోర్డు (చిన్న కంప్యూటరు), టైము కోసం డీఎస్3231, ఎస్‌డీ కార్డు. పీజెమ్ 80 నుంచి 260 వోల్టుల దాకా కొలుస్తుంది, చవక, కొలిచే వైపుకీ బోర్డు వైపుకీ మధ్య ఆప్టో ఐసొలేషన్ ఉంటుంది, అంటే రెండు వైపులకీ తీగ సంబంధం ఉండదు, కాంతితోనే కబురు. మూడింటినీ ఒకే లైను మీద పెట్టే ముందు ఒక్కొక్కటీ విడిగా కలిపి వేరే వేరే అడ్రసు ఇవ్వాలి. ఇది మర్చిపోయి, మూడూ ఒకేసారి కేకలేస్తుంటే గంటసేపు వైర్లు మార్చాను.

బోర్డుకి పవర్ ఎక్కడి నుంచి? బోరు దగ్గరకి వచ్చేవి మూడు ఫేజు తీగలే, న్యూట్రల్ (ఇళ్లకి ఫేజుతో పాటు వచ్చే రెండో తీగ) లేదు. ఫోను చార్జరుని రెండు ఫేజుల మధ్య పెడితే 415 వోల్టులకి అది టపాసే. పవర్ బ్యాంకు పెట్టాను. రీడింగుకీ రీడింగుకీ మధ్య బోర్డు నిద్రపోతే పవర్ బ్యాంకు "ఇక్కడ ఎవరూ లేరు" అనుకుని ఆగిపోయింది. మొదటి రాత్రి డేటా మొత్తం 40 నిమిషాలు. చివరికి పాత మందు స్ప్రేయర్‌లోంచి 12 వోల్టుల బ్యాటరీ తీసి, చిన్న కన్వర్టరుతో 5 వోల్టులకి దించాను. అది దసరా దాకా అయినా లాగుతుంది, చిన్న సోలార్ పలక ఉంటే.

కొలిచే వైపు తీగలకి 2 ఆంప్స్ త్రీపోల్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్చు) పెట్టాను. స్టార్టర్ మెయిన్ ఆపి, టెస్టరుతో మూడు కొసలూ చూసి, అప్పుడే చెయ్యి పెట్టాను. ఇదంతా మా మెయిన్ స్విచ్చు తర్వాతి పని. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి నేను వెళ్లను. ఫ్యూజు వేద్దామని గద్దె ఎక్కి పోయిన రైతులు మా చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు.

న్యూట్రల్ లేదు కాబట్టి, షెడ్డు బల్బుకి వాడే ఎర్త్ రాడ్డుకీ ఒక్కో ఫేజుకీ మధ్య ఒక్కో పీజెమ్ కలిపాను. ఇదే పెద్ద తప్పు. అప్పుడు తెలీదు.

మార్చి 11

వారం డేటా. పగలు చూస్తే బి ఫేజు తక్కువ. రాత్రి చూస్తే వై 214, ఆర్ 253, బి కూడా దాదాపు అంతే. పగలు ఒకరు దొంగ, రాత్రి ఒకరు దొంగ. కాక చూసి "గ్రహణం పట్టినట్టున్నది" అన్నాడు.

రాత్రి దొంగ సాయంత్రం ఆరున్నరకి వస్తున్నాడు, పొద్దున ఆరుకి పోతున్నాడు. సెకన్లతో సహా చూస్తే ఒక్కసారిగా మారుతోంది. అంటే ఎవరో స్విచ్చు వేస్తున్నారు. ఎవరో కాదు, బాపు. షెడ్డులో 60 వాట్ల బల్బు. వై ఫేజుకీ ఆ ఎర్త్ రాడ్డుకీ మధ్య కట్టారు.

బల్బు తీసుకునే పావు ఆంపియరు రాడ్డు గుండా మట్టిలోకి పోవాలి. ఎండిన మొరం నేలలో మా రాడ్డుకి 100 ఓమ్‌ల దాకా నిరోధకత ఉంటే, అక్కడ 25 వోల్టులు నిలబడతాయి. అంటే నేను "సున్నా" అనుకున్న చోటు వై వైపు 25 వోల్టులు జరిగిపోయింది. వై తక్కువగా, మిగతా రెండూ ఎక్కువగా కనబడ్డాయి. మోటారుకి దీనితో ఏ సంబంధమూ లేదు. మోటారుకి మూడే తీగలు. దానికి ఎర్తూ తెలీదు, న్యూట్రలూ తెలీదు. దానికి కనబడేది ఫేజుకీ ఫేజుకీ మధ్య వోల్టేజి ఒక్కటే.

ఇది అన్ని చోట్లా ఉన్న గందరగోళమే. ఫేజు–న్యూట్రల్ వోల్టేజీలు చూసి అసమతుల్యత (మూడింటి మధ్య తేడా) లెక్కేస్తే, న్యూట్రల్ జరగడం వల్ల వచ్చే తేడా కూడా అందులో కలిసిపోతుంది. ఇంట్లో టీవీ, ఫ్రిజ్ కాలడానికి ఆ జరగడం ఒక కారణం. మూడు తీగల మోటారు కాలడానికి అది కారణం కాదు. రెండూ వేరే జబ్బులు. మందూ వేరు.

వారం వృథా. అంత వృథా కూడా కాదు, రాడ్డు ఎంత పనికిరానిదో తెలిసింది. ఆ బల్బుకి వేరే ఏర్పాటు చేయాలి. రేపు ఎవరైనా ఆ రాడ్డు పట్టుకుంటే 25 వోల్టులతో ఆగుతుందని నమ్మకం లేదు.

మార్చి 17

ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టులు. పీజెమ్ 260 దాకానే. మరి ఎలా?

ఉపాయం: నకిలీ న్యూట్రల్. ఒకేలాంటి మూడు వస్తువుల్ని తీసుకుని ఒక్కో కొస ఒక్కో ఫేజుకి, మిగిలిన మూడు కొసలు ఒకచోట ముడి వేస్తే, ఆ ముడి సరిగ్గా మూడు ఫేజుల నడిమధ్యన నిలుస్తుంది. ఫేజు నుంచి ముడికి దాదాపు 240 వోల్టులు. పీజెమ్‌కి సరిపోతుంది. ముడికి ఎర్తుతో సంబంధం లేదు కాబట్టి బల్బు గొడవ లేదు.

ముడి నడిమధ్యన ఉంటే మూడు కొలతల నుంచి ఫేజు–ఫేజు వోల్టేజి లెక్కలో తీయవచ్చు:

ఆర్‌వై వర్గం = 2 × ఆర్ వర్గం + 2 × వై వర్గం − బి వర్గం

మిగతా రెండూ ఇలాగే పేర్లు మార్చి. పదో తరగతిలో త్రిభుజానికి మధ్యగత రేఖలు గీసినవాళ్లకి ఇది పాత చుట్టమే.

మొదట మూడు 60 వాట్ల బల్బులు కట్టాను. చూడ్డానికి బాగుంది, రాత్రి పురుగులు కూడా వచ్చాయి. లెక్కలో అసమతుల్యత 4.1 శాతం. అదే నిమిషంలో మల్టీమీటరుతో ఫేజు–ఫేజు కొలిస్తే 3.2. ఎందుకంటే బల్బు వేడెక్కేకొద్దీ దాని నిరోధకత పెరుగుతుంది. ఎక్కువ వోల్టేజి వచ్చిన ఫేజు బల్బు ఇంకా వేడెక్కి, ఇంకా ఎక్కువ వోల్టేజిని తనవైపు లాక్కుంటుంది. ముడి నడిమధ్య నుంచి జారుతుంది. ఉన్న తేడాని పెద్దది చేసి చూపించే భూతద్దం అయింది నా నకిలీ న్యూట్రల్.

మండలంలో ఎలక్ట్రికల్ షాపుకి వెళ్లి ఫ్యాను కెపాసిటర్లు, 2.5 మైక్రోఫారడ్, 440 వోల్టులవి, డజను అడిగాను. "ఎన్ని ఫ్యాన్లు పోయినయన్నా?" అని అడిగాడు పిల్లవాడు. ఒక్కొక్కటీ మీటరుతో కొలిచి దగ్గర దగ్గరగా ఉన్న మూడు ఏరుకున్నాను: 2.47, 2.48, 2.47. వీటికి వేడి ఉండదు, ఒక్కోటి 240 వోల్టులకి పావు ఆంపియరు లోపే తీసుకుంటుంది. కరెంటు పోయాక చార్జి నిలిచి చేతికి కొట్టకుండా ఒక్కోదానికి అడ్డంగా 470 కిలో ఓమ్‌ల రెసిస్టరు. ఇప్పుడు నా లెక్కకీ మల్టీమీటరుకీ మధ్య తేడా ఒక వోల్టు లోపే.

మిగిలిన తొమ్మిదిలో రెండు మా ఇంటి ఫ్యాన్లకే పెట్టాను. చాలా రోజుల తర్వాత వేగంగా తిరుగుతున్నాయి.

మార్చి 24

ఇది అసలు డేటా. పది సెకన్లకో రీడింగు, పది నిమిషాలకో సగటు.

రాత్రి ఏ మోటారూ నడవనప్పుడు మూడూ 430 చుట్టూ, తేడా అర శాతం కూడా లేదు. పొద్దున ఏడు తర్వాత మెట్లు మెట్లుగా పెరుగుతుంది: 0.9, తర్వాత 1.7, 2.5, పదకొండుకల్లా 3.2. సాయంత్రం అవే మెట్లు దిగుతుంది. మెట్లు నాలుగే. మాతో కలిపి మా లైను చివర ఉన్న మోటార్లు నాలుగు. ఎవరు ఎప్పుడు ఆన్ చేశారో కాక నోట్‌బుక్ అడిగి తెచ్చి పక్కన పెడితే నిమిషాలతో సహా సరిపోయింది. ఒక్క మోటారు నడిచినప్పుడు 0.9. నవంబరులో లైన్‌మన్ అన్న చూసింది ఆ ఒక్క మెట్టునే.

నాలుగూ నడిచేటప్పుడు: ఆర్‌వై 416, వైబి 390, బిఆర్ 403.

సగటు 403. సగటు నుంచి పెద్ద తేడా 13. 13ని 403తో భాగిస్తే 3.2 శాతం. ఇది అమెరికాలో కరెంటు సామాన్ల తయారీదార్ల సంఘం నెమా వాళ్ల పద్ధతి, కాగితం మీద చేసుకోవచ్చు. వాళ్ల ఎంజీ-1 ప్రమాణం ఒక శాతం దాటితే మోటారు మీద బరువు తగ్గించమంటుంది, 5 దాటితే అసలు నడపవద్దంటుంది. యూరప్ వాళ్ల పద్ధతి వేరు: ఎదురు తిరిగే భాగాన్ని ముందుకు తిరిగే భాగంతో భాగిస్తారు. వాళ్ల ఈఎన్ 50160 (కరెంటు నాణ్యత ప్రమాణం) ప్రకారం వారంలో 95 శాతం పది నిమిషాల సగటులు 2 శాతం లోపు ఉండాలి. ఆ లెక్కలో మాది 3.7.

ఎదురు తిరిగే భాగం అంటే ఏమిటో కాస్త చెప్పాలి, అసలు కథ అక్కడే ఉంది. చార్లెస్ ఫోర్టెస్క్యూ 1918లో ఒక పేపరు రాశాడు. ఎంత వంకరగా ఉన్న మూడు ఫేజులనైనా, చక్కగా ఉన్న మూడు ముక్కలుగా విడగొట్టవచ్చన్నాడు: ముందుకు తిరిగే జట్టు, వెనక్కి తిరిగే జట్టు, అసలు తిరగకుండా మూడూ కలిసి ఊగే జట్టు. మూడోది మూడు తీగల మోటారులోకి రాలేదు (నా ఎర్త్ రాడ్డు కొలిచింది దాన్నే). ఆయన ఈ లెక్కలోకి దిగింది కూడా అసమతుల్య వోల్టేజి మీద ఇండక్షన్ మోటార్లు ఎలా నడుస్తాయో చూడ్డానికే. అంటే మా బోరు సమస్యే, వందేళ్ల కింద.

మా మోటారు నిమిషానికి సుమారు 2850 చుట్లు తిరుగుతుంది. ముందుకు తిరిగే అయస్కాంత క్షేత్రం 3000. రెండిటికీ తేడా 150. వెనక్కి తిరిగే క్షేత్రం కూడా 3000, కానీ ఎదురు దిశలో. రోటరుకి (మోటారు లోపల తిరిగే భాగానికి) అది 5850 చుట్ల వేగంతో ఎదురొస్తున్నట్టు. ఆగి ఉన్న మోటారుకి మొదట కరెంటు ఇచ్చినప్పుడు ఎంత లాగుతుందో, ఈ ఎదురు భాగానికీ దాదాపు అదే లెక్కన లాగుతుంది. స్టార్టింగు కరెంటు ఫుల్ లోడుకి ఆరింతలు అనుకుంటే, 3.7 శాతం ఎదురు వోల్టేజికి 22 శాతం ఎదురు కరెంటు. 9.5 ఆంప్స్‌లో సుమారు 2 ఆంప్స్. ఆ రెండు ఆంప్స్ నీళ్లు తోడవు, ముందుకు తిరిగేదాన్ని కాస్త వెనక్కి లాగుతూ వేడి మాత్రం పుట్టిస్తాయి. వోల్టేజిలో మూడు నాలుగు శాతం తేడా కరెంటులో ఇరవై పైన అయ్యేది ఇలాగే. వేడికి వాడుకలో ఒక మోటు లెక్క ఉంది: శాతాన్ని వర్గం చేసి రెట్టింపు చేయడం. 3.2 వర్గం 10 పైచిలుకు, రెట్టింపు 20. వైండింగ్ వేడి పెరుగుదల ఐదో వంతు ఎక్కువ, రోజూ, పగలంతా.

ఇప్పుడు నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వని సంగతి. మూడు వోల్టేజీల్లో ఎక్కువగా ఉన్నది ఆర్‌వై ఒక్కటే. బి కలిసిన రెండూ తక్కువ. అంటే వోల్టేజి పోతున్నది బి తీగలో. మరి కాలుతున్నది ఆర్ వైండింగ్ కదా?

కాగితం మీద బాణాలు గీశాను. బి తీగలో నిరోధకత ఉంటే అక్కడ పడిపోయే వోల్టేజి, బి కరెంటు ఉన్న దిశలోనే ఉంటుంది. దాన్ని ఫోర్టెస్క్యూ ముక్కలుగా విడగొడితే, వెనక్కి తిరిగే జట్టు కరెంటు బాణం ఆర్‌లో, ముందుకు తిరిగే ఆర్ కరెంటు బాణం మీద దాదాపు అచ్చంగా పడింది. రెండూ కలిసి 8.8కి 2 తోడై 10.8. వైలో, బిలో ఆ బాణాలు అడ్డంగా, కాస్త ఎదురుగా పడి 8 చుట్టూ మిగిలాయి. ఫిబ్రవరి 25న నా క్లాంప్ మీటరు చూపించింది అదే: 10.8, 7.9, 8.2.

ఫేజుల వరుస ఆర్–వై–బి కాక తిరగబడి ఉంటే ఈ లెక్క మారుతుంది. అందుకే సీక్వెన్స్ మీటరు తెచ్చి చూశాను, సరిగానే ఉంది.

బాపుకి చెబితే నమ్మలేదు. "బి తీగ ఖరాబయితే ఆర్ ఎట్ల కాలుతదిరా? ఎడమ కాలు ఇరిగితే కుడి కాలు నొస్తదా?"

నొస్తది బాపూ. ఎడమ కాలు కుంటితే బరువంతా కుడి కాలు మీదే పడుతుంది కదా. ఇద్దరం నవ్వుకున్నాం కానీ ఆయన ఇంకా నమ్మినట్టు లేదు.

మార్చి 31

బి తీగలో ఎక్కడ?

ట్రాన్స్‌ఫార్మర్ 63 కేవీఏ, దాని మీద ఏడు మోటార్లు. మొదటి మూడు దగ్గరలో, మా నాలుగు చివర. నా కొలిచే డబ్బా పట్టుకెళ్లి కాక స్టార్టర్ దగ్గర పెట్టాను. కాకది మూడో మోటారు. ఏడూ నడుస్తున్నప్పుడు 419, 417, 418. శుభ్రంగా ఉంది. అంటే పైనుంచి వచ్చే 11 కేవీ లైను వైపు తప్పు లేదు, ట్రాన్స్‌ఫార్మర్‌లో లేదు, దాని ఫ్యూజుల్లో లేదు. కాక దాటాక, మాకు చేరేలోపు ఉంది. ఏ మోటారూ నడవనప్పుడు తేడా లేకపోవడం కూడా ఇదే చెప్పింది కానీ, కళ్లతో చూడాలి కదా.

మధ్యలో ఐదు స్తంభాలు. కాకా నేనూ కింద నుంచి నడుస్తూ, ఫోను కెమెరా జూమ్ చేస్తూ పోయాం. నాలుగో స్తంభానికీ ఐదో స్తంభానికీ మధ్య కాక ఆగాడు. "అరే, ఆ తీగ రంగు సూడు."

మిగతావి బూడిద రంగు అల్యూమినియం. ఆ ఒక్కటి గోధుమ రంగు. తుప్పు. ఇనుప తీగ.

కాకకి అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ల కింద గాలివానకి వేపచెట్టు కొమ్మ పడి తీగ తెగింది. పంట ఎండుతోందని ఊరంతా మీద పడితే, చేతిలో ఉన్న ఎర్తింగు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) తీగతో అప్పటికి కట్టి కరెంటు ఇచ్చారు. రెండ్రోజుల్లో మార్చుతామన్నారు. ఎవరినీ అనలేను, ఆ రోజు ఆ తీగే లేకపోతే మా వరి పోయేది. రెండ్రోజులు మూడేళ్లయింది, అంతే.

లెక్క: 60 మీటర్ల దూరం, 4 మిల్లీమీటర్ల ఇనుప తీగ. నిరోధకత దాదాపు 0.64 ఓమ్. అదే చోట ఉండాల్సిన ఏసీఎస్ఆర్ వీజిల్ (నడుమ ఉక్కు, చుట్టూ అల్యూమినియం) తీగకి 0.06 లోపే. పదింతలు పైన. నాలుగు మోటార్లు నడిస్తే బిలో 33 ఆంప్స్, అంటే 21 వోల్టులు ఆ ఒక్క అంగలోనే పోతాయి. 416కీ 390కీ మధ్య తేడా 26 కదా, మిగతా ఐదు వోల్టులు రెండు కొసల్లో చేత్తో మెలిపెట్టిన అతుకులవీ, ఇనుము అయస్కాంత గుణం వల్ల పెరిగే అడ్డంకివీ అయి ఉండాలి. దాదాపు 700 వాట్ల వేడి, ఒక ఇస్త్రీ పెట్టె అంత, 60 మీటర్ల పొడవునా పరచుకుని ఉంది కాబట్టి తీగ తెగకుండా నిలిచింది. ఒక్క లూజు జంపర్లో అంత వేడి పుడితే పొద్దున్నే కరిగి పడిపోయేది, మేమూ ఎప్పుడో కనిపెట్టేవాళ్లం.

చివరి నలుగురిలో ఇద్దరి మోటార్లు కూడా పోయిన ఏడాది కాలాయట. వాళ్లూ ఆర్ ఫ్యూజులే మార్పించుకున్నారు.

ఏప్రిల్ 6

ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను. మొదటి బల్ల దగ్గర "మోటారు పాతది అయ్యుంటది" అన్నారు. రెండో బల్ల దగ్గర గ్రాఫు తీసి చూపించాను, నాలుగు మెట్లు, పక్కన కాక నోట్‌బుక్ టైములు. ఆయన కాసేపు చూసి, తీగ ఫొటో చూసి, "ఇది మావోళ్లే కట్టింది" అని మెల్లగా అన్నారు. ఏసీఎస్ఆర్ తీగ రావాలి, లైన్ క్లియర్ (కరెంటు ఆపి పని చేసే అనుమతి) తీసుకోవాలి, వారం అన్నారు. రెండు వారాలు పట్టింది.

ఈలోగా రిలేని 10కి దించాను. రెండు సార్లు ట్రిప్పయింది. బాపు చెయ్యి 14 వైపు వెళ్లకుండా స్క్రూ మీద ఇన్సులేషన్ టేపు చుట్టాను. చివరి నలుగురమూ ఒకేసారి నడపకుండా ఇద్దరిద్దరం వంతులు పెట్టుకున్నాం. ఇద్దరు నడిస్తే 1.7 శాతమే. మందు దొరికేదాకా పథ్యం.

వంతులంటే బాపుకి పాత రోజులు గుర్తొచ్చాయి. రాత్రిపూట ఒక ఫేజు తీసేసి రెండు ఫేజులే ఇచ్చే కాలంలో, ఊళ్లో లైట్లు మాత్రం వెలగాలని, చాలామంది కెపాసిటర్ పెట్టి మూడో ఫేజుని దొంగగా పుట్టించి మోటారు నడిపేవాళ్లు. అది మామూలు అసమతుల్యత కాదు, మోటారుకి రోజూ జ్వరమే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటలు మూడు ఫేజులూ ఇవ్వడం మొదలుపెట్టాక ఆ పని పోయింది. కానీ కాక షెడ్డులో ఆ పాత కెపాసిటర్ డబ్బా ఇప్పటికీ ఉంది.

ఏప్రిల్ 14

లిఫ్టు ప్యానెళ్ల పనిలో పరిచయమైన ఒకాయన ఇప్పుడు 132 కేవీ సబ్‌స్టేషన్‌లో డ్యూటీ. ఫోన్లో ఈ గోల చెబితే నవ్వాడు. "మీది ఇనుప తీగ, మాది రైలు" అన్నాడు. రైల్వే 25 కేవీ సింగిల్ ఫేజు. ట్రాక్షన్ సబ్‌స్టేషన్ 132 లేదా 220 కేవీ లైనులో రెండు ఫేజుల మధ్యే కలుస్తుంది. బండి లాగినప్పుడల్లా ఆ రెండు ఫేజులే మోస్తాయి. అందుకే ఒక ట్రాక్షన్ సబ్‌స్టేషన్‌ని ఆర్‌వై మీద పెడితే తర్వాతి దాన్ని వైబి మీద, ఆ తర్వాతి దాన్ని బిఆర్ మీద పెడతారు, మూడింటి మీదా బరువు పంచడానికి. మధ్యలో వచ్చే న్యూట్రల్ సెక్షన్ దగ్గర ఇంజను ఒక్క క్షణం కరెంటు లేకుండా దాటుతుంది. రైలు పట్టాల పక్కన నడిచేటప్పుడు కనబడే న్యూట్రల్ సెక్షన్ బోర్డులకి అర్థం ఇదన్నమాట.

పొడవాటి లైన్లకి ఇంకో చిక్కు. స్తంభం మీద మూడు తీగలూ ఒకే ఎత్తులో, ఒకే దూరంలో ఉండవు. నడిమి తీగ పరిస్థితి వేరు, అంచు తీగల పరిస్థితి వేరు. ఏ లోడూ తప్పు చేయకపోయినా లైనే కాస్త వంకర పుట్టిస్తుంది. అందుకే దూరం వెళ్లేకొద్దీ తీగల స్థానాలు మార్చుతూ పోతారు, మూడూ మూడు చోట్లా సమానంగా ఉండేలా. ఫిబ్రవరిలో నేను మోటారు లీడ్లు ఒక మెట్టు జరిపినట్టే, వందల కిలోమీటర్ల మీద.

ఏప్రిల్ 20

పొద్దున తొమ్మిదికి లైన్ క్లియర్. లైనుని విడదీసే ఏబీ స్విచ్చు దించారు, రెండు వైపులా ఎర్తు చేశారు. లైన్‌మన్ అన్న స్తంభం ఎక్కి పాత తీగ కోస్తుంటే కింద నుంచి చూశాను. కొసలో మెలిక వేసిన చోట అల్యూమినియం తెల్లటి పొడై రాలింది. ఆ అతుకు ఇంకో ఎండాకాలం ఆగేది కాదు. కొత్త తీగ లాగారు, కొసల్లో తీగల్ని బోల్టులతో బిగించే పీజీ క్లాంపులు. పదకొండున్నరకి కరెంటు.

నలుగురమూ ఒకేసారి ఆన్ చేశాం. 416, 413, 414. అంటే 0.4 శాతం. ఆంప్స్: 9.0, 8.8, 8.7. చెయ్యి పెట్టి చూస్తే పైపు కూడా నెమ్మదిగా ఉంది, ఆ సన్నటి అదురు పోయింది. అది అలవాటై ఇన్నాళ్లూ మాకు వినబడనేలేదు.

లైన్‌మన్ అన్న కిందికి దిగి నా డబ్బా తెరిచి చూశాడు. "ఇండ్ల ఫ్యాను కెపాసిటర్లెందుకు తమ్మీ?" చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి నేను నవంబర్ల ఆర్ ఫ్యూజు మార్చిన" అన్నాడు. నేనైనా అదే చేసేవాణ్ని అన్నా.

జూన్ 9

యాసంగి కోత అయిపోయింది. మోటారు అదే. డబ్బా ఇప్పుడు కాక షెడ్డులో. సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా తేడా 0.4 నుంచి 1.1కి పెరుగుతోంది, మోటార్లు ఏవీ నడవకపోయినా. అంటే ఇది పైనుంచి వస్తోంది, ఊళ్లో ఇళ్ల లైట్లు, కూలర్లు ఒకే ఫేజు మీద ఎక్కువ పడి ఉండాలి. మోటారుకి దీనితో భయం లేదు కాబట్టి వదిలేశాను, కార్డు మాత్రం తీయలేదు.

కోసి పడేసిన ఆ ఇనుప తీగని బాపు పడనివ్వలేదు. చుట్ట చుట్టి తెచ్చి పెరట్లో కట్టాడు. బీరతీగ పాకుతోంది.